సుసనో సముద్ర దేవుడా, తుపాను దేవుడా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత నెల జపాన్ దేవతల పేజీలో సుసనోను "తుపానుకూ సముద్రానికీ దేవుడు" అని ఒక్క వాక్యంలో తేల్చేశాం. ఆ వాక్యాన్నే పట్టుకుని బెజవాడ నుంచీ గుంటూరు నుంచీ ఉత్తరాలు వచ్చాయి. తప్పు మాదే. ఆయన ఒక్క వాక్యంలో ఇమిడే మనిషి కాడు, అలా ఇమిడే దేవుడు అసలే కాడు. ఒకే సందేహం ఉన్న ఉత్తరాలను కలిపి ఇక్కడ జవాబిస్తున్నాం.

"క్విజ్‌లో 'సుసనో దేనికి అధిపతి?' అని అడిగారు. నేను సముద్రం అని రాశాను, నా స్నేహితురాలు తుపాను అని రాసింది. ఇద్దరికీ మార్కు వేశారు. రెండూ ఎలా ఒప్పవుతాయి?"
– డిగ్రీ విద్యార్థిని, పటమట, విజయవాడ

రెండూ సగం సగమే ఒప్పు. ఈ కథకు మూలం రెండు పాత గ్రంథాలు: క్రీ.శ. 712 నాటి కొజికి, 720 నాటి నిహొన్ షొకి. కొజికి ప్రకారం, చనిపోయిన భార్య ఇజనమిని వెతుక్కుంటూ చీకటి లోకానికి వెళ్ళొచ్చిన సృష్టి దేవుడు ఇజనగి, ఆ మైల పోవడానికి నీళ్ళలో దిగి స్నానం చేశాడు. ఎడమ కన్ను కడుక్కుంటే సూర్యదేవత అమతెరసు పుట్టింది. కుడి కన్ను కడుక్కుంటే చంద్రుడు త్సుకుయొమి, ముక్కు కడుక్కుంటే సుసనో పుట్టారు. అక్కకు ఆకాశం, అన్నకు రాత్రి, కడగొట్టువాడికి సముద్రం పంచిపెట్టాడు తండ్రి. మీ జవాబుకు ఆధారం ఈ పంపకమే.

అయితే ఆ పదవిలో సుసనో ఒక్కరోజు కూర్చున్నది లేదు. గడ్డం ఎనిమిది పిడికిళ్ళు పెరిగి రొమ్ము మీదికి దిగేదాకా, అమ్మ ఉన్న లోకానికి పోతానని ఏడుస్తూనే ఉన్నాడు. ఆ ఏడుపుకు పచ్చని కొండలు మోడువారాయి, నదులూ సముద్రాలూ ఇంకిపోయాయి. తన వాటాకు వచ్చిన సముద్రాన్నే ఎండగట్టినవాడిని సముద్ర దేవుడనడానికి కాస్త మొహమాటంగానే ఉంటుంది. పైగా నిహొన్ షొకి ఒకే సంఘటనకు నాలుగైదు పాఠాంతరాలు ఇస్తుంది. వాటిలో ఒకదాంట్లో సముద్రం త్సుకుయొమికి పోయి, సుసనోకు భూలోకం వచ్చింది. ఇక జపాన్‌లో పడవ ఎక్కేవాళ్ళు మొక్కేది వతత్సుమికీ, సుమియొషి ముగ్గురు దేవుళ్ళకీ. వాళ్ళూ ఇజనగి స్నానంలో పుట్టినవాళ్ళే.

తుపాను సంగతికొస్తే, అక్కను చూడ్డానికి సుసనో ఆకాశానికి ఎక్కుతుంటే కొండలూ నదులూ హోరెత్తాయి, నేల కంపించిందని కొజికి అంటుంది. అతని పేరులో "చెలరేగడం" అనే అర్థమున్న పాత క్రియ ఉందని కొందరి మాట. ప్రతి దేవుడి వెనకా ఏదో ఒక ప్రకృతి శక్తిని చూపించడం 19వ శతాబ్దం చివర పండితులకు ఇష్టమైన పని, "తుపాను దేవుడు" అనే చీటీ ఆ రోజుల్లోనే గట్టిగా అంటుకుంది. గ్రంథంలో మాత్రం దీనికి ఎదురు నడిచే ఒక చిన్న దృశ్యం ఉంది. ఆకాశం నుంచి వెళ్ళగొట్టిన రోజున ముసురు పట్టింది. సుసనో పచ్చగడ్డి కట్టలు కట్టి తలకు టోపీగా, వీపుకు కప్పుగా వేసుకుని, ఇంటింటికీ వెళ్ళి ఒక్క రాత్రి తలదాచుకోనివ్వమని దేవుళ్ళను అడిగాడు. ఒక్కరూ తలుపు తీయలేదు. గాలివానలో తడుస్తూనే కిందికి దిగాడు. గడ్డి టోపీ, గడ్డి కప్పుతో ఇతరుల ఇంట్లో అడుగు పెట్టకూడదనే నియమం అప్పటినుంచే వచ్చిందని నిహొన్ షొకి రాసింది. వాన అతని ఆజ్ఞ వింటున్నట్టు అక్కడ ఏమీ లేదు.

సముద్రంతో అతనికి నిజంగా పని పడిన చోటు ఇంకొకటి ఉంది. మరో పాఠాంతరంలో, తన పిల్లల దేశానికి పడవలు లేకపోతే బాగుండదని గడ్డం వెంట్రుకలు పీకి చల్లితే సుగి చెట్లు (దేవదారు లాంటివి) మొలిచాయి. రొమ్ము వెంట్రుకలు హినొకి చెట్లయ్యాయి, పిరుదుల వెంట్రుకలు మకి చెట్లయ్యాయి, కనుబొమలు కర్పూర చెట్లయ్యాయి. ఏ కలప దేనికో కూడా చెప్పాడు: సుగి, కర్పూరం పడవలకు, హినొకి రాజభవనాలకు, మకి శవపేటికలకు. వడ్రంగికి పనికొచ్చే పురాణం.

క్విజ్‌లో "అధిపతి" అని అడిగితే సముద్రమే రాయండి. వ్యాసం రాయమంటే ఆ మాట వాడకండి.

"పేరును సుసనూ, సుసానో, సుసనొవొ అని రకరకాలుగా రాస్తున్నారు. ఏది సరి?"
– తెలుగు ఉపాధ్యాయుడు, గుంటూరు

అక్షరాలు విడదీస్తే సు-స-నొ-ఒ. నాలుగూ హ్రస్వాలే. "నొ" పక్కన "ఒ" పడితే చెవికి "నో" అనే వినిపిస్తుంది కాబట్టి మేం సుసనో అని రాస్తున్నాం. పాత రాతలో చివరి అక్షరం "వొ", అంటే మగవాడు. సుసనూ మాత్రం ఇంగ్లిషు రాతలో రెండు "ఓ"లు చూసి చదివిన తప్పు. హ్రస్వ ఎ, ఒ మన లిపిలో ఉండటం వల్ల జపనీస్ పేర్లు రాయడానికి హిందీ కంటే తెలుగు సుఖం. అమతెరసును "అమాతేరాసూ" అని సాగదీయాల్సిన పని లేదు.

"గట్లు తెంచాడని దేవుణ్ణి ఆకాశం నుంచి వెళ్ళగొట్టారని రాశారు. గట్టు తగాదాకు మా ఊళ్ళో పెద్దమనుషులు జరిమానా వేస్తారు గానీ ఊరి నుంచి వెలివేయరు. అంత పెద్ద నేరమా?"
– రైతు, తెనాలి

మాకు వచ్చిన ప్రశ్నల్లో అన్నిటికంటే లోతైనది మీదే.

కథ ఇలా నడిచింది. తాను చెడు బుద్ధితో రాలేదని రుజువు చేసుకోవడానికి సుసనో అక్కతో పందెం కట్టాడు. ఒకరి వస్తువును ఇంకొకరు నమిలి ఊది దేవుళ్ళను పుట్టించాలి. అతని కత్తి నుంచి ముగ్గురు ఆడపిల్లలు, ఆమె పూసల నుంచి ఐదుగురు మగపిల్లలు పుట్టారు. కొజికిలో సుసనో "నా కత్తి నుంచి ఆడపిల్లలు పుట్టారు, నేనే గెలిచాను" అని తనంతట తానే ప్రకటించుకుని, ఆ గెలుపు మదంతో అక్క పొలాల మీద పడ్డాడు. మడి గట్లు తెంచాడు, బోదెలు పూడ్చాడు, కొత్త పంట ఆరగించే గదిలో మలవిసర్జన చేశాడు. చివరికి చర్మం ఒలిచిన గుర్రాన్ని మగ్గం సాలె కప్పులోంచి లోపలికి విసిరాడు. ఆ బెదురుకు నేత నేసే అమ్మాయికి నాడె గుచ్చుకుని ప్రాణం పోయింది. అప్పుడే అమతెరసు గుహలో దాక్కుంది, లోకం చీకటైంది.

ఇతర పాఠాల్లోనూ, 927లో కూర్చిన ఎంగిషికి అనే రాజశాసన గ్రంథంలోని శుద్ధి మంత్రంలోనూ పొలం నేరాల జాబితా ఇంకా పెద్దది. తూము పగలగొట్టడం, విత్తిన చోట మళ్ళీ విత్తడం, ఇతరుల మడిలో పుల్లలు గుచ్చడం కూడా అందులో ఉన్నాయి. వేళ కూడా చెప్పారు: వసంతంలో గట్లు తెంచి రెండోసారి విత్తనం చల్లడం, శరత్కాలంలో పండిన చేలో గుర్రపు పిల్లల్ని తోలి పడుకోబెట్టడం. ఎప్పుడు ఏం చేస్తే ఎక్కువ నష్టమో ఎరిగిన దుండగం ఇది.

డెల్టా రైతుకు విడమరచి చెప్పక్కర్లేదు గానీ, పట్నం పాఠకుల కోసం రెండు ముక్కలు. నాటిన మడిలో రెండంగుళాల నీరు నిలవాలంటే నాలుగు వైపులా గట్టు గట్టిగా ఉండాలి. పై మడి గట్టు తెగితే ఆ మడి ఎండుతుంది, కింది మడి మునుగుతుంది, వేసిన ఎరువు నీళ్ళతో కొట్టుకుపోతుంది. నష్టం ఒక మడితో ఆగదు. బోదె పూడితే చివరి ఆయకట్టుకు చుక్క అందదు. విత్తిన మీద విత్తితే మొక్కలు ఒత్తుగా, సన్నగా, నీరసంగా లేచి గాలికి పడిపోతాయి. పుల్లల సంగతి పండితులు రెండు రకాలుగా చెబుతారు: పరాయి మడి నాదేనని గుర్తు పెట్టడం, లేదా బురదలో దిగినవాడి కాలికి దిగాలని గుచ్చడం. ఏదైనా, ఊరంతా ఒకే నీటి మీద బతికే చోట గట్టు తెంచడం ఒక ఇంటి గొడవ కాదు. అందుకే వాటికి "ఆకాశపు పాపాలు" అని పేరు పెట్టి, మనిషి ఒళ్ళు కోయడం లాంటి వాటిని "నేల పాపాలు" అనే వేరే జాబితాలో పెట్టారు.

శిక్ష కూడా మీ పెద్దమనుషుల జరిమానాతోనే మొదలైంది. వెయ్యి బల్లల నిండా పరిహారం పెట్టించారు, గడ్డం కోశారు, గోళ్ళు ఊడబెరికారు, ఆ తర్వాతే వెళ్ళగొట్టారు. ఆ పాపాల జాబితాకు సంబంధించిన శుద్ధి కార్యం నేటికీ జూన్ 30న, డిసెంబరు 31న జపాన్ గుళ్ళలో జరుగుతుంది.

అమతెరసు మొదట్లో తమ్ముణ్ణి ఎలా వెనకేసుకొచ్చిందో మీరు చూడాలి: "గట్లూ బోదెలూ ఆక్రమించిన నేల వృథా అవుతోందని అనుకుని ఉంటాడు, పాపం." గట్టు చెక్కి నాలుగు వేళ్ళ నేల మడిలో కలుపుకునేవాళ్ళు చెప్పే సాకు 1,300 ఏళ్ళ కిందటే రాసిపెట్టి ఉంది.

"మా స్కూలు వార్షికోత్సవంలో సుసనో ఎనిమిది తలల పామును చంపే ఘట్టం వేద్దామనుకుంటున్నాం. పాము ఎలా చేయాలి? స్టేజి 30 అడుగుల వెడల్పు. సారా కుండల బదులు పాయసం పెడితే తల్లిదండ్రులు అభ్యంతరం పెట్టరని మా ఆలోచన."
– నాటక ఉపాధ్యాయురాలు, బ్రాడీపేట, గుంటూరు

ముందు కథ సరిచూసుకోండి. ఇజుమొ ప్రాంతంలో హీ నది పై భాగాన దిగిన సుసనోకు నీళ్ళలో కొట్టుకొస్తున్న తినే పుల్లలు కనిపించాయి. ఎగువన మనుషులున్నారని నడిచి వెళ్తే ముసలి దంపతులు, మధ్యలో కూతురు కుషినద, ముగ్గురూ ఏడుస్తున్నారు. ఎనిమిది మంది కూతుళ్ళలో ఏడుగుర్ని యమత నొ ఒరొచి అనే పాము ఏటా వచ్చి తిన్నది, ఇప్పుడు ఎనిమిదో పిల్ల వంతు. సుసనో ఆ పిల్లను దువ్వెనగా మార్చి జుట్టులో పెట్టుకున్నాడు. చుట్టూ కంచె కట్టించి, కంచెకు ఎనిమిది ద్వారాలు, ద్వారానికొక అరుగు, అరుగుకొక తొట్టి, తొట్టి నిండా ఎనిమిది మార్లు పులియబెట్టి వడకట్టిన ఘాటు సారా పెట్టించాడు. పాము ఒక్కో తొట్టిలో ఒక్కో తల దించి తాగి, మత్తులో నిద్రపోతే ముక్కలు చేశాడు. ఇందులో పాయసం పెడితే పాము నిద్రపోవడానికి కారణమే పోతుంది. కుండలు మూతలతో పెట్టి, "మత్తు" అని ఒక్క మాట అనిపించండి చాలు.

ఒకే మొండేనికి ఎనిమిది తలలు పెట్టే ప్రయత్నం మానండి. షిమనె ప్రాంతపు పడమటి వైపు ఇవమిలో కగుర అనే గుడి నాటకం ఆడతారు. ఈ ఘట్టానికి పేరు మోసినవాళ్ళు వాళ్ళే. అక్కడ ఒక్కో తలా ఒక్కో వేరే పాము, ఒక్కో పాము లోపల ఒక్కో ఆటగాడు. వెదురు చుట్ల మీద చేతి కాగితం అంటించిన ఆ పాము సుమారు 17 మీటర్ల పొడవు, 12 కిలోల బరువు. మడత పడే కాగితపు లాంతరును చూసి ఆ ఉపాయం వచ్చింది. మీ స్టేజికి అంత పొడవు పట్టదు. 16 అడుగుల పాములు నాలుగు చేయండి. ఎనిమిది చేస్తే పిల్లలు కనిపించరు, తోకలే కనిపిస్తాయి.

ఒక పాముకు లెక్క ఇది. పదమూడేళ్ళ పిల్లవాడి భుజాలు దూరాలంటే చుట్టు వ్యాసం 17 అంగుళాలు ఉండాలి. చుట్టుకొలత 53 అంగుళాల చిల్లర వస్తుంది, అతుకుతో కలిపి ఐదడుగుల వెదురు బద్ద కావాలి. వెడల్పు అరంగుళం చాలు. బద్దల్ని రాత్రంతా నానబెట్టి ఉదయం వంచండి, పొడిగా వంచితే టక్కున విరుగుతాయి. అంచులు గరుకు కాగితంతో రుద్దకపోతే గుడ్డా చిరుగుతుంది, చేతులూ చీరుకుంటాయి. చుట్టుకూ చుట్టుకూ మధ్య తొమ్మిదిన్నర అంగుళాల చొప్పున 21 చుట్లు పడతాయి, చివరి ఆరింటిని తోక కోసం క్రమంగా ఆరంగుళాల దాకా తగ్గించండి. ఎడం అడుగు దాటితే గుడ్డ జారిపోయి ఖాళీ సంచిలా వేలాడుతుంది.

గుడ్డ 58 అంగుళాల పన్నా ఉన్నది, పాముకు 6 మీటర్లు తీసుకోండి. పొడవు ఐదు మీటర్లే కదా అని సరిగ్గా కొలిచి కొంటే పాము మెలిక తిరగదు, కాలవ గొట్టంలా నిలబడుతుంది. చుట్ల మధ్య గుడ్డ కాస్త వదులుగా ఉంటేనే మెలిక. ప్రతి చుట్టునూ ఎనిమిది చోట్ల టాకా వేయండి. నాలుగు చోట్లే వేస్తే గుండ్రం పోయి పలకలు కడుతుంది.

తలకు ఇవమి పద్ధతే మేలు. వాళ్ళు మట్టి అచ్చు మీద కాగితం పొరలు పొరలుగా అంటించి, ఆరాక లోపలి మట్టిని పగలగొట్టి తీసేస్తారు. మీకు నాలుగు తలలు కావాలి కాబట్టి అచ్చు పగలగొట్టకుండా, ఆరిన తలను వెనకవైపు కోసి ఊడదీసి మళ్ళీ అతికించండి. వినాయకుడి బొమ్మల మట్టి సరిపోతుంది. మొదటి పొర వట్టి తడి కాగితమే, జిగురు వద్దు. అక్కడ జిగురు తగిలితే తల అచ్చును వదలదు. ఆ పైన ఒక గ్లాసు మైదాకు ఐదు గ్లాసుల నీళ్ళతో ఉడికించిన జిగురుతో ఎనిమిది పొరలు. మూడు పొరలకోసారి ఒక రోజంతా ఎండనివ్వండి. తొందరపడి ఎనిమిదీ ఒకేసారి వేస్తే పైన ఎండుతుంది, లోపల బూజు పడుతుంది, రంగు వేశాక వంకర పోతుంది. కొమ్ములకూ కనుబొమలకూ మనకు దగ్గర్లోనే మంచి పదార్థం ఉంది: కొండపల్లి బొమ్మల మక్కు. చింతగింజల పిండి ఉడికించి, జల్లించిన రంపపు పొట్టు కలిపి చపాతీ ముద్దలా చేసి అంటించడమే. తల మొత్తం ముప్పావు కిలో దాటనివ్వకండి, పిల్లల మెడ.

కళ్ళు ఎర్రగా ఉండాలి. కాగితపు తొడుగు లాంటి తొక్కలో ఎర్రగా పండే ఒక చిన్న కాయలా ఉన్నాయని కొజికి పోలిక. చిన్న ఎల్‌ఈడీ దీపం మీద ఎర్ర కాగితం చాలు. నిప్పురవ్వలు చిమ్మించాలని మాత్రం చూడకండి, లోపల ఉన్నది వెదురూ కాగితం. ఒంటి మీద నాచు, హినొకి, సుగి చెట్లు మొలిచి ఉంటాయి కాబట్టి వీపున అక్కడక్కడా ఆకుపచ్చ పీచు కుట్టండి. ఆ ఒక్క వివరంతో మీ పాము అందరి పాముల్లా ఉండదు.

స్టేజి మీద అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు తోకలు చిక్కుకోవడం. ఒకడి తోక ఇంకొకడు తొక్కితే ముందున్నవాడి తల ఊడి వస్తుంది. దీనికి మందు కథలోనే ఉంది. కంచెకు ద్వారాలు పెట్టినట్టు నేల మీద తెల్ల టేపుతో నాలుగు గళ్ళు గీయండి, గడికి ఆరున్నర అడుగుల వెడల్పు. ఒక్కో పాము తన గడిలోనే వచ్చి, తాగి, చుట్ట చుట్టుకుని పడుకోవాలి. అందరూ కుడిచేతి వైపే చుట్టుకోవాలి. తల లోపలి పిల్లవాడికి ఎదురు కనిపించదు, కాళ్ళ దగ్గర టేపు మాత్రమే కనిపిస్తుంది. కత్తి నాలుగో పాము తోక చుట్టుకు ముందే కట్టి ఉంచండి. సుసనో తోక కోస్తే తన కత్తి అంచు పెచ్చు ఊడింది, ఏమిటా అని చీల్చి చూస్తే లోపల గొప్ప కత్తి ఉంది. ఆ ఆగడం, వంగి చూడడం పిల్లవాడితో నెమ్మదిగా చేయించండి. చాలామంది హడావుడిగా తీసి పైకెత్తేస్తారు.

"ఇది ఇంద్రుడు వృత్రుణ్ణి చంపిన కథే కదా? మననుంచి వెళ్ళిందా?"
– పాఠకుడు, గవర్నరుపేట, విజయవాడ

పోలిక ఉంది, "వెళ్ళింది" అనడానికి ఆధారం లేదు. వృత్రుడు నీళ్ళను అడ్డగించి పడుకున్న పాము, ఇంద్రుడు చంపితే నీళ్ళు పారాయి. ఒరొచి నీళ్ళను ఆపలేదు, పిల్లల్ని తిన్నది. పానం విషయంలో తేడా ఇంకా తమాషాగా ఉంటుంది: ఇంద్రుడు సోమం తాను తాగి యుద్ధానికి వెళ్ళాడు, సుసనో శత్రువుకు తాగించాడు. కథ నడకను బట్టి చూస్తే ఒరొచికి దగ్గర బంధువు వృత్రుడు కాదు, బకాసురుడు. వంతుల ప్రకారం బలి, ఏడుస్తున్న కుటుంబం, దారిన పోతూ ఆగిన పరాయివాడు, తిండితో ముడిపడిన ఎత్తు. అయితే పిల్లను కాపాడి పెళ్ళి చేసుకునే ముగింపు భీముడి కథలో లేదు.

నిజంగా మన నుంచి వెళ్ళినది ఇంకొకటి ఉంది. సుసనో కత్తి నుంచి పుట్టిన ముగ్గురు ఆడపిల్లల్లో ఒకరు ఇచికిషిమ. బౌద్ధంతో పాటు జపాన్ చేరిన సరస్వతి అక్కడ బెంజైతెన్ అయింది, ఆ బెంజైతెన్‌నూ ఇచికిషిమనూ తర్వాతి కాలంలో ఒకరిగానే కొలిచారు. మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద సరస్వతి అలంకారం కోసం వరసలో నిలబడేవాళ్ళకు, ఆ తల్లి ఒక దేశంలో సుసనో కూతురి వరసన చేరిందని తెలిస్తే కాసేపు కబుర్లకు పనికొస్తుంది.

"2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిని ముంచింది. ఎనిమిది తలల పాము అంటే వరద నదే అని ఒక వీడియోలో విన్నాను. నిజమేనా?"
– గృహిణి, అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

వినడానికి చక్కగా అతుకుతుంది. ఎనిమిది తలలు ఉపనదులు, ఎనిమిది లోయలు కప్పిన ఒళ్ళు నదీ పరివాహకం, కుషినద పేరును నిహొన్ షొకి రాసిన అక్షరాలకు "అద్భుతమైన వరిమడి" అని అర్థం. ఏటా వచ్చే వరద ఏటా ఒక మడిని మింగడం. హీ నది కూడా మామూలుది కాదు: 1,142 మీటర్ల సెన్‌త్సు కొండ దగ్గర పుట్టి, 153 కిలోమీటర్ల పొడవున ఇసుక మోసుకొస్తూ, దిగువన చుట్టుపక్కల పొలాల కంటే ఎత్తయిన అడుగుతో పారుతుంది. అలాంటి నదికి కట్ట తెగితే నీళ్ళు వెనక్కి పోవు. ఆ బాధ మీకు చెప్పేదేముంది.

కానీ గ్రంథంలో వరద అన్న మాటే లేదు. ఇజుమొవాళ్ళే 733లో రాసుకున్న తమ ప్రాంత వివరణలో ఈ పాము కథ లేనే లేదు. అందులో సుసనో తుపానూ కాదు, వీరుడూ కాదు. ఒక చిన్న పల్లెకు వచ్చి "ఇది చిన్న ఊరే గానీ మంచి ఊరు" అని తన పేరు ఆ నేలకు పెట్టి ఉండిపోయిన పెద్దమనిషి. ఇంకొందరు పామును ఇనుముతో ముడిపెడతారు: తోకలో కత్తి, ఎర్రని పొట్ట, హీ నది ఎగువన ఇనుప ఇసుక. ఆ ప్రాంతపు ఇనుము గట్టిదని 733 నాటి పుస్తకమే చెప్పింది కాబట్టి అంతవరకూ సరే. నది ఎర్రబారేంతగా కొండలు తవ్వి ఇసుక కడిగింది మాత్రం 17వ శతాబ్దం నుంచి. 712 నాటి కథకు 17వ శతాబ్దపు బురదను సాక్ష్యంగా తేకూడదు. మా మట్టుకు, వరద అర్థం మంచి ఊహ, ఆధారం పలచన. ఎనిమిది అంకెను కూడా మరీ లెక్కపెట్టకండి, పాత జపనీస్‌లో ఎనిమిది అంటే "బోలెడు".

"జులైలో క్యోటో వెళ్తున్నాం. గియొన్ ఉత్సవం సుసనోదేనటగా. ఏ రోజు ఏది చూడాలి?"
– ఒక కుటుంబం, బెంజ్ సర్కిల్, విజయవాడ

జులై నెలంతా జరుగుతుంది గానీ 17, 24 తేదీలు ముఖ్యం. 17 ఉదయం 9కి 23 రథాలు, 24 ఉదయం 11 రథాలు బయల్దేరతాయి. చాలామంది రథాలు చూసి హోటలుకు వెళ్ళిపోతారు, అక్కడే పొరపాటు. మన తేరులో దేవుడు ఉంటాడు, అక్కడి రథాల్లో ఉండడు. అవి దారిని శుద్ధి చేయడానికి ముందు నడిచేవి. దేవుడు సాయంత్రం యసక గుడి నుంచి పల్లకీల్లో వస్తాడు. మూడు పల్లకీలు: ఆరు పలకల కప్పుది సుసనోది, నాలుగు పలకలది భార్య కుషినదది, ఎనిమిది పలకలది పిల్లలది. 17 సాయంత్రం ఊళ్ళోని విడిదికి వస్తాయి, 24న తిరిగి వెళ్తాయి.

రథాల్లో మాత్రం ఒక్క చోటు చూడండి, షిజొ-కవరమచి కూడలి మలుపు. పెద్ద రథాలు 12 టన్నుల దాకా ఉంటాయి, చక్రాలు పక్కకు తిరగవు. మలుపులో చక్రాల కింద చీల్చిన వెదురు బద్దలు పరిచి నీళ్ళు పోసి, పక్క నుంచి తాళ్ళతో ఒక్క ఊపున లాగుతారు. చక్రం దొర్లదు, వెదురు మీద జారుతుంది. 90 డిగ్రీలు తిరగడానికి మూడు నాలుగు లాగుళ్ళు పడతాయి. అక్కడ చోటు దొరకాలంటే తెల్లవారుజామునే వెళ్ళాలి.

రథాల దగ్గర అమ్మే చిమకి కొంటే విప్పి తినబోకండి. అదే పేరుతో ఆకులో చుట్టిన తినుబండారం వేరే ఉంది, ఇది వట్టి వెదురాకుల కట్ట. మన మామిడి తోరణంలా గుమ్మానికి కట్టుకుని ఏడాది ఉంచుతారు. దాని మీద "సొమిన్ షొరై వంశస్థులం" అని రాసి ఉంటుంది. ప్రయాణంలో పొద్దుపోయి వచ్చిన దేవుడికి సొమిన్ సోదరుడైన ధనవంతుడు తలుపు మూస్తే, పేద సొమిన్ కొర్రన్నం పెట్టి ఆదరించాడు. ఆ దేవుడు "నేను సుసనోను, నడుముకు గడ్డి వలయం కట్టుకోండి, మహమ్మారి మీ జోలికి రాదు" అన్నాడు. ముసురు రాత్రి ఎవరూ తలుపు తీయని కథ గుర్తుందా, ఇది దానికి రెండో సగంలా ఉంటుంది. ఉత్సవం మొదలైందీ మహమ్మారి వల్లే: 869లో రాజ్యంలోని ప్రాంతాల లెక్కన 66 బల్లేలు నిలబెట్టి శాంతి చేశారు.

నిజానికి 1868 దాకా ఆ గుడిలో కొలిచిన పేరు సుసనో కాదు, గొజు తెన్నొ, అంటే ఎద్దు తల దేవరాజు. శ్రావస్తిలో బుద్ధుడున్న జేతవనానికి కాపలా దేవుడని అతని గురించి చెప్పేవారు. గియొన్ అన్నది ఆ జేతవనానికి జపనీస్ పేరే. మన పురాణాల్లో మాత్రం అలాంటి దేవుడు కనిపించడు. 1868లో వచ్చిన మెయిజి ప్రభుత్వం బౌద్ధాన్నీ, జపాన్ సొంత దేవతల మతమైన షింటోనూ విడదీసినప్పుడు గుడి పేరు యసక అయింది, దేవుడు అధికారికంగా సుసనో అయ్యాడు.

చిన్న ప్రశ్నలు

పాము తోకలో దొరికిన కత్తిని చూడవచ్చా? (మంగళగిరి) చూడలేరు. సుసనో దాన్ని అక్కకు ఇచ్చాడు, నేడు అది నగొయలోని అత్సుత గుడిలో ఉందని నమ్మకం. పూజారులు కూడా తెరిచి చూపరు. అది జపాన్ చక్రవర్తి రాజచిహ్నాల్లో ఒకటి, 2019 పట్టాభిషేకంలోనూ ఆ చిహ్నాలు పెట్టెల్లోనే కనిపించాయి.

జపనీస్ మొదటి పద్యం సుసనోదేనా? (కొత్తపేట, గుంటూరు) సంప్రదాయం అలాగే అంటుంది. పెళ్ళయ్యాక ఇల్లు కట్టుకుంటూ చెప్పాడు: యకుమొ తత్సు / ఇజుమొ యఎగకి / త్సుమగొమి ని / యఎగకి త్సుకురు / సొనొ యఎగకి ఒ. ఎనిమిది పొరల మబ్బులు లేచే ఇజుమొలో, భార్యను ఉంచుకోవడానికి ఎనిమిది పొరల కంచె కడుతున్నాను, ఆ ఎనిమిది పొరల కంచె అని భావం. 5-7-5-7-7 లెక్క మన మాత్రల లెక్కకు దగ్గర, దీర్ఘం వస్తే రెండు. పాముకు కట్టిన కంచె ఇక్కడ ఇంటి ప్రహరీ అయింది చూడండి.

క్యోటోలో ఉత్సవం రోజుల్లో కీరా దోసకాయ తినరట, నిజమా? (సత్యనారాయణపురం) గుడి పరిసరాల పాత కుటుంబాల్లో, ఉత్సవంలో పాల్గొనేవాళ్ళలో ఉంది. కీరాను అడ్డంగా కోస్తే కనిపించే గింజల పువ్వు యసక గుడి ముద్రలా ఉంటుందని జులైలో మానేస్తారు. యాత్రికులకు ఆ నియమం లేదు, హోటల్లో సలాడ్ పెడితే తినేయండి.